నోరు విప్పని హీరో

కోరుట్లలో సెల్‌ఫోన్ల దుకాణం ముందు నల్లద్దాలు పెట్టుకొని నిలబడ్డ రాజ్‌కుమార్‌కు వీపంతా చెమట. తంగళ్ళపల్లిలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే మనిషి అతను. ముఖం ఒక పెద్ద సినిమా హీరోను అచ్చు గుద్దినట్టుండేది. అందుకే వినాయక మండపాల దగ్గర డాన్సుకు పిలిచేవారు. ఆ హీరో టీవీలో క్రెడిట్ కార్డు ఊపుతూ నవ్వడం మొదలయ్యాక, కార్డులు అంటగట్టే కరుణాకర్ వెతుక్కుంటూ వచ్చాడు. "డాన్సే అన్నా, గంతే" అన్నాడు.

తీరా వచ్చాక మైకులో కరుణాకర్ పలికిన మాట వేరు. "హీరోగారే అచ్చిండ్రు! గొంతు బాగలేదు, మాట్లాడరు. కార్డు తీసుకున్నోళ్ళతోటి ఫోటో దిగుతరు!"

రాజ్‌కుమార్ కరుణాకర్ పక్కకు జరిగాడు. "గిదేందన్నా?" అని గొణిగాడు.

"నోరిప్పితివా, గీ జనం బొక్కలిరుస్తరు. నాయి గాదు, నీయి. మొఖం నీదే గదా" అన్నాడు కరుణాకర్, నవ్వు చెదరకుండా.

వేషాలు మనవాళ్ళకు కొత్తవా? పగటివేషగాళ్ళు రోజుకో వేషంలో ఊరిని హడలగొట్టి, ఆఖరినాడు సొంత ముఖాలతో వచ్చి "మేమేనయ్యా" అని దండం పెట్టేవారు. ఆ ఆఖరినాడు ఉంది కనుకే అది కళ అయింది. కరుణాకర్ లెక్కలో అటువంటి నాడు లేదు.

"సినిమాల తాడిచెట్టంత ఉంటడు, ఎండకు సుంగి పొట్టిగయిండా ఏంది?" అని వరుసలో ఒకామె అంది. అందరూ నవ్వారు. రాజ్‌కుమార్ నల్లద్దాలు ఇంకాస్త పైకి జరుపుకున్నాడు.

అప్పుడు చూశాడు, కార్డుకు వేలిముద్ర తీసుకునే మిషన్ ముందు శంకరయ్యను. పక్క సాంచ మీద పనిచేసే మనిషి, వరుసకు చిన్నాయన. కోరుట్లలో బిడ్డ ఇంటికొచ్చినట్టున్నాడు.

"ఏలుముద్ర ఎందుకని అడిగేదేంది? గంత పెద్దమనిషి అబద్ధమాడుతడా?" అంటూ శంకరయ్య వేలు చాచాడు.

అరవాలనుకున్నాడు రాజ్‌కుమార్. నోరు విప్పితే జనం మీద పడతారు. చెయ్యి మాత్రం దానంతటదే లేచింది. సాంచాల మోతలో అరిచినా వినబడదు, అక్కడ చేతులే మాట్లాడతాయి. పోగు తెగితే పిడికిలి బిగించి కిందికి గుంజాలి. అంటే, ఆపు.

ఆ సైగ కంటి కొసకు తగిలి శంకరయ్య వేలు ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఆయనకూ తెలియదు. ఆగాక తలెత్తాడు. పెదవులు మాత్రం కదిలాయి: "నువ్వారా, రాజూ?"

"నేనే, చిన్నాయనా. పెట్టకు" అన్నాయి రాజ్‌కుమార్ పెదవులు.

"ఓ అయ్యలారా, గీడు హీరో కాదు! మా సాంచాలకాడి పిలగాడు! ఏలు పెట్టకుండ్రి!" అని శంకరయ్య అరిచాడు.

జనం మీదికి ఉరికారు. అద్దాలు ఊడిపోయాయి, ఎవరో కాలర్ పట్టుకున్నారు. కరుణాకర్ మైకు వదిలేసి బండెక్కాడు. శంకరయ్య అడ్డంపడి "కొడితే నన్ను కొట్టుండ్రి" అంటూ రాజ్‌కుమార్‌ను పక్క సందులోకి లాక్కుపోయాడు.

గోడకు ఆనుకొని ఊపిరి పీల్చుకుంటుంటే చిన్నాయన మెల్లగా అడిగాడు.

"నాకంటె ముందుగాల ఎవలన్న ఏలు పెట్టిండ్రా?"

"మస్తుమంది."

"అందరు ఈడనే ఉన్నరా, పోయినోళ్ళు గూడ ఉన్నరా?"

"పోయిండ్రు."

"గిది మోసమని ఆళ్ళకు ఎవలు చెప్తరు మరి?"

సందు మొదట్లో కేకలు ఇంకా తగ్గలేదు. పోయినవాళ్ళ ఊరూ పేరూ తెలిసినవాళ్ళు ఉంటే ఆ గుంపులోనే ఉండాలి. రాజ్‌కుమార్ చిన్నాయన చెయ్యి గట్టిగా పట్టుకొని, ఆ కేకల వైపే అడుగు వేశాడు.