చంకలో కర్ర

నాకు నోటిదురుసు అని పేరు పెట్టినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. వాళ్ళ చెవిన పడాలనే ఇది చెబుతున్నాను. నాకు అక్షరాలు కూడబలుక్కోవడం వరకే వచ్చు. రాసేవాళ్ళు నా మాటల ముల్లు విరవకుండా రాస్తే చాలు.

నా పెనిమిటి జ్వరంతో పోయి ఏడాది తిరిగింది. జాతరలు మానేసి, పాకలో ప్రార్థనకు వెళ్ళే నాలుగిళ్ళలో మాది ఒకటి. బాప్తిస్మం ఇచ్చే దొరగారు గోదావరి అవతలి ఒడ్డున ఉండేవారు. మమ్మల్ని అక్కడికి తీసుకువెళ్ళడం మా పాక పెద్దాయన పని. ఆయన "ఈ మనిషి తగినది" అంటేనే దొరగారు నీళ్ళలోకి దింపేవారు.

ఆ పొద్దున బట్టలమూట, తాగేనీళ్ళ ముంత పట్టుకుని రేవుకు వెళ్ళాను. పెద్దాయన ఒక కాలు పడవలో పెట్టి నన్ను చూశారు. కాలు వెనక్కి తీశారు.

"కర్ర మర్చిపోయేనమ్మా, ఇప్పుడే వచ్చేస్తాను" అన్నారు. ఎంత మెత్తగా అన్నారో! కర్ర చంకలోనే ఉంది.

ఇంటికి వెళ్ళి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, మూతి తుడుచుకుంటూ వచ్చారు. విధవ ఎదురొస్తే మా ఊళ్ళో అందరూ చేసేది అదే. శకునాలన్నీ సైతాను పనులని పాకలో మాకు చెప్పింది ఈయనే.

పడవలో కూర్చున్న ఆయన భార్య నిట్టూర్చింది. "నేను ఉన్నమాట ఉన్నట్టే చెబుతానొదినా, ఏమనుకోకు. నీ రాత మంచిదైతే అన్నయ్యగారు ఉండేవారు. నువ్వు కాస్త ఎనకగా రావలసింది."

ఆ మాటను ఎవరూ దురుసు అనలేదు. ఉన్నమాట కదా!

నాకు ఒళ్ళు మండిపోయింది. "కర్ర చంకలో ఎట్టుకుని కర్రకోసం ఎల్లేరేంటండీ? ముండమోపి ఎదురొచ్చిందని చెప్పండి, నేను ఇంటానండి" అన్నాను.

అంతే. పడవలో అందరూ బుగ్గలు నొక్కుకున్నారు. పెద్దాయన మొహం గంటుపెట్టుకున్నారు. "నోరు అదుపులో లేనోళ్ళకి బాప్తిస్మం ఎలా ఇప్పిస్తానమ్మా? ముందు తప్పయిందని చెప్పు."

పడవవాడు మా పాక మనిషి కాదు, గంగమ్మకు మొక్కేవాడు. గెడ పట్టుకుని నవ్వాడు. "పోటు తీసేస్తందండోయ్, నీళ్ళు తగ్గితే పడవ కదల్దండి! ఎదురొత్తే మేమూ ఆగుతామండి. కాపోతే ఆ నేరం కర్రమీద ఎట్టమండి, ఆయ్."

మొన్నటి ప్రార్థనలో పెద్దాయనే బావి దగ్గర ఆడమనిషి కథ చెప్పారు. ఐదుగురు మొగుళ్ళు అయ్యారని, ఇప్పుడున్నవాడు మొగుడే కాడని ప్రభువు ఆవిడ మొహంమీదే అన్నాడు. అంతకంటే గట్టిమాట ఏముంది? కానీ ముందు దాహం అడిగాడు. ఆవిడ చేతినీళ్ళు అడిగి, పక్కన ఎవరూ లేనప్పుడు ఆ మాట అన్నాడు. అది గుర్తొచ్చి ముంత చాపాను.

"నా చేతినీళ్ళు తాగండి. అప్పుడు నా నోటి సంగతి ఎంతైనా చెప్పండి, పడతాను."

ఆయన ముంతకేసి చూసి, "ఉపవాసమమ్మా" అన్నారు. మీసం మీద ఇంటినీళ్ళ తడి ఇంకా ఆరలేదు.

నేను పడవెక్కి కూర్చున్నాను. తప్పయిందని అనలేదు. ఆయన ఎక్కలేదు. "మీరెళ్ళండి, నాకు పనుంది" అన్నారు, మళ్ళీ మెత్తగానే.

అవతలి ఒడ్డున దొరగారు పెద్దాయన ఏరని అడిగారు. "ఒంట్లో నలతగా ఉందండి. అందరూ తగినోళ్ళేనని చెప్పమన్నారండి" అంది భార్య. అందరూ నావైపు చూశారు. నోరు మూసుకుంటే నాకూ ఆ పూటే బాప్తిస్మం.

"నలతేం లేదండి. నేనెదురొచ్చేనని పడవెక్కలేదండి. నన్ను తగినదని ఆయన అనలేదండి" అన్నాను.

ఎదురురావడమంటే దొరగారికి తెలియలేదు. చెప్పమన్నారు. అదీ నేనే చెప్పాను. అంతా విని, పెద్దాయన వచ్చి మాట్లాడేదాకా నన్ను ఆగమన్నారు. మిగతావాళ్ళు ఏట్లో మునిగి లేచారు. నేను వాళ్ళ పొడిబట్టలు పట్టుకుని ఒడ్డున నిలబడ్డాను.

తిరిగొచ్చేటప్పుడు పెద్దాయన భార్య నా చెయ్యి పట్టుకుని, "నోరు మంచిదైతే నీకూ బాప్తిస్మం అయిపోను కదొదినా" అంది.

"మంచిదేనొదినా. అందుకే అవ్వలేదు" అని చెయ్యి విదిలించుకున్నాను.

ముంతలో నీళ్ళు అలాగే ఉన్నాయి. ఇక ఎవరికీ చాపలేదు. నేనే తాగేశాను.