కిటికీ పక్క తువ్వాలు

దయ్యాల కథలంటే నాకు నవ్వొచ్చేది. డిస్క్‌లో ఫైళ్లను చూసుకునే డ్రైవర్ ప్రోగ్రాం రాయడం నా పని. ఎక్కడ తేడా జరిగినా కోడ్‌లో ఏదో ఒక లైను దానికి జవాబు చెప్పి తీరుతుందని నా నమ్మకం. కాస్త పొగరు కూడా.

ఆ వారమంతా ఒక బగ్ నా ప్రాణం తీసింది. ఫైలు రాయబోయే ముందు మా డ్రైవర్ డిస్క్‌లో కొంత జాగా పట్టి పెడుతుంది, మా గిద్దలూరు బస్టాండులో కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టినట్టే. రాయడం రద్దయితే ఆ తువ్వాలు తీసెయ్యాలి. మాది తీయడం లేదు. దాంతో ఖాళీగా ఉన్న డిస్క్ కూడా నిండిపోయిందని చూపిస్తోంది. చివరికి ఇంట్లోనే కూర్చుని పట్టుకున్నాను. సొంతదారు లేని రిజర్వేషన్‌ను వదిలెయ్యమని రాశాను. టెస్టులన్నీ పాసయ్యాయి.

ఆ మధ్యాహ్నమే నా భార్య సుజాతను చెకప్‌కి మార్కాపురం తీసుకెళ్లాలి. ఆమెకు ఏడో నెల. నంద్యాల నుంచి వచ్చిన బస్సు ఎక్కాం. జనం కిటకిటలాడుతున్నా ఇద్దరు కూర్చునే సీటొకటి ఖాళీగా ఉంది. కిటికీ పక్కన తువ్వాలు. నిలబడ్డవాళ్లెవరూ దాని జోలికి పోలేదు.

"నంద్యాల నుంచీ అట్లనే ఉండాదన్నా. ఎవురూ రాలేదు," అన్నాడు కండక్టరు.

సొంతదారు లేడు కదా, వదిలెయ్యడమే. నా బుర్ర ఇంకా ఆ కోడ్‌లోనే ఉంది. తువ్వాలు తీసి పైన బ్యాగుల మీద పడేసి, సుజాతను కిటికీ వైపు కూర్చోబెట్టి, నేను పక్కన కూర్చున్నాను.

కంభం దాటాక ఆమె నా మీదికి ఒరిగింది.

"జరగయ్యా. ఈయనకు ఇరుకుగా ఉండాదంట."

కిటికీ వైపు ఎవరూ లేరు. ఆటపట్టిస్తోందనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు. కాసేపటికి పొట్ట పట్టుకుని, "బిడ్డ కదలడం ల్యా," అంది. బయట ఎండ మండిపోతోంది. ఆమె కిటికీ వైపు జాకెట్టు చెయ్యి మాత్రం నీళ్లలో ముంచినట్టు తడిసి ఉంది.

ఆమెను లేపి, తువ్వాలు తెచ్చి ఉన్నచోటే పరిచి, ఖాళీ సీటుకు దండం పెట్టాను. బస్సంతా నన్నే చూస్తోంది. చూడనీ అనుకున్నాను. బేస్తవారిపేట రాకముందే బిడ్డ కదిలిందని సుజాత నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. మార్కాపురం దాకా నిలబడే వచ్చాం.

డాక్టరమ్మ అంతా బాగుందన్నారు. నేను రాసిన ఆ ఫిక్స్ ఇప్పటికీ పనిచేస్తోంది, అందులో ప్రతి లైనుకూ కారణం చెప్పగలను. ఆ తర్వాత జరిగినదానికి మాత్రం ఈరోజుకీ చెప్పలేను.

మందుల కోసం ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చున్నాం. సుజాత ఏ భయమూ లేకుండా, మామూలుగా నా వైపు జరిగింది.

"ఇంకొంచెం జరగయ్యా. ఈయన కూడా కూసుంటాడంట."

బల్ల అవతలి కొస ఖాళీగా ఉంది. నేను జరిగాను.