మా వస్త్రాలతో వాళ్ళకేం పని?

మొన్న కార్తీకంలో మూడో సోమవారం, ఉదయం తొమ్మిదింబావు. మా కోడలు వీధిగదిలో కంప్యూటర్ పెట్టుకుని ఊరివాళ్ళ దరఖాస్తులు నింపుతుంది. అందరి ఆధార్ కాగితాలూ అందులోనే ఉంటాయి. కాలేజీలో పాఠాలు చెప్పే దాని అన్న ఆ పూట వచ్చి, ఒక పథకంలో చేరమన్నాడు. పెద్ద లెక్కను ముక్కలు చేసి ఇంటింటి కంప్యూటర్లకూ పంచుతారట, మనది ఖాళీగా ఉన్నప్పుడు ఒక ముక్క చేసి పంపుతుందట. మందులు కనిపెట్టడానికట.

"ఏకులా వచ్చి మేకులా దిగబడిపోరు గదా బాబూ?" అన్నాను.

"నీకన్నీ అనుమానాలే అత్తా. సేరితే బహుమతులు కూడా ఇస్తారు."

"సేవకి బహుమతేటి?"

కోడలు అప్పటికే 'అంగీకరిస్తున్నాను' నొక్కబోతోంది. చెయ్యి పట్టుకుని ఆపాను. యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, వేలు పెట్టి కూడబలుక్కోనిదే ఏదీ నమ్మను. కింద సన్నటి అక్షరాలున్నాయి.

"మీ వస్త్రాలు సూడ్డానికి అనుమతట. మన వస్త్రాలతో ఆళ్ళకేటి పనే?"

కోడలు పకపకా నవ్వింది. "వస్త్రాలు కాదత్తా, దస్త్రాలు. అంటే ఫైళ్ళు..." అంటూనే నవ్వు ఆపేసింది.

పింఛను కాగితం కోసం బల్ల మీద కూర్చున్న పక్కింటి మరిది లేచి నిలబడ్డాడు. "నా కాగితాలు కూడా సూసేస్తారేటి వదినా?"

"నీవే ముందర సూస్తారు. కూసో."

కోడలి అన్న ముఖం మాడ్చుకుని అలాంటి పథకమే ఇంకొకటి చూపించాడు. దానికి బహుమతుల్లేవు. నాకు తెలిసిన ప్రశ్న ఒక్కటే అడిగాను. పొందూరులో పుట్టి నూలు వడికినదాన్ని. దూది ఏకులు పంచినవాడు, వడికిన నూలు చిలపగా చుట్టి తిరిగొచ్చాక వెలుగులో పట్టి చూస్తాడు. చూడనివాడికి కావలసింది నూలు కాదు.

"మనం పంపింది సరిగ్గా ఉందో లేదో ఆళ్ళు సూస్తారా?"

"ఒకే ముక్క రెండిళ్ళకి పంపి, రెండు జవాబులూ కలిస్తేనే తీసుకుంటారు అత్తా."

అది పనివాళ్ళ పద్ధతే. అయినా ఊరి కాగితాలున్న దాంట్లో వద్దన్నాను. "నీ కంప్యూటర్లో పెట్టుకో. సంవత్సరం సూసి అప్పుడు రా."

టీ తాగకుండా వెళ్ళిపోయాడు. వెళ్ళనీ. నాకు నేటికీ పూర్తి నమ్మకం లేదు.

దీనికి సాక్షులం ఆ పూట అక్కడున్న నేను, కోడలు, దాని అన్న, పక్కింటి మరిది.