హారతి ముందు అడిగిన మాట

చిక్కడపల్లిలో మా మేడమీది గదిలో కిరాయికున్న ఆయన ఒకే ఒక్క పాటతో పేరు తెచ్చుకున్నాడు. విడిచిపోయిన మనిషిని పిలిచే పాట అది. ఆ రోజుల్లో నారాయణగూడలో ఏ క్యాసెట్ల దుకాణం ముందు నిలబడ్డా అదే వినిపించేది. చివరి చరణంలో ఆయన గొంతు వణికేది. ఎందుకని ఎవరడిగినా నవ్వి, "పాడిన రోజు చలిజ్వరం" అనేవాడు.

మా అత్తమ్మ నమ్మలేదు. "జ్వరానికి గట్ల ఏడుస్తరా? ఏ ఆడపిల్లనో ఆగం చేసి వచ్చిండు. గది ఖాళీ చెయ్యమను," అనేది. నాకూ అనుమానమే.

శనివారం పూజకు కిందికి వచ్చి, హారతి కళ్లకద్దుకోనిదే ఆయన వెళ్లేవాడు కాదు. ఒక శనివారం పళ్లెం చేతిలో ఉండగానే అడిగాను.

"దేవుని ముందర చెప్పు అన్నా, నిజంగ జ్వరమేనా?"

"జ్వరమే చెల్లెమ్మా," అన్నాడు. చాచిన చేతులు వెనక్కి తీసుకొని, హారతి అద్దుకోకుండానే మెట్లెక్కాడు.

అత్తమ్మ ఆ మాట ఒక్కటే విన్నది. "జ్వరమేనంట పాపం, ఉండనియ్యి," అన్నది. నేను చూసింది ఆమెకు చెప్పలేదు.

మరుసటి శనివారం ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఏమీ అడగకుండా పళ్లెం అక్కడికే తీసుకెళ్లాను. అద్దుకున్నాడు. ఆ పూట నా నోరు కట్టేసిన స్వామికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. నా అనుమానం మాత్రం ఆ స్వామి కూడా తీసెయ్యలేదు.