చెమర్చిన కుండ

దయ్యాల మాటెత్తితే నేను నవ్వేవాణ్ణి. మాది కుమ్మరి ఇల్లు, కరీంనగర్ పక్కన పల్లె. శవాల ముందు పట్టే కుండలు చిన్నప్పటి నుంచీ నేనే ఇచ్చొచ్చేవాణ్ణి. ఏనాడూ భయపడలేదు.

ఎనభైల్లో దుబాయ్ పోయాను. నన్ను పనికి పెట్టుకున్న అరబ్బు యజమాని, అదే కఫీల్, ఖోర్ ఫక్కాన్ అనే సముద్రతీరపు ఊరి దగ్గర కొండ కింద తవ్వకాల పనికి పంపాడు. పాత సమాధులు తవ్వించే ముసలి దొరను అందరం డాక్టర్ సాబ్ అనేవాళ్లం. కనాను దేశపు కుండలే ఆయన చదువంతా. అవి ఓడలెక్కి ఈ తీరానికీ వచ్చాయని ఆయన నమ్మకం. తోటి పండితులు నవ్వారట. ఒక్క కుండ మీద ఆ దేశపు అక్షరం దొరికితే చాలు అనేవాడు పాపం.

"కనానంటే మా బైబిల్లో ఉందన్నా" అని వంట చేసే ఏసుదాసు చెప్పాడు. అతనిది గోదావరి జిల్లా.

ఒకరోజు పగలని కుండ దొరికింది. సాబ్ నా చేతికిచ్చి, వచ్చీరాని హిందీలో "సాఫ్ కరో" అన్నాడు. కుంచెతో దుమ్ము దులపమని ఆయన ఉద్దేశం. నాకు సాఫ్ అంటే కడగడమే. ఇసుక వేసి, గోనెగుడ్డతో తోమాను. పైభాగాన మూడు నల్ల గీతలుంటే మసి అనుకుని అవి పోయేదాకా గట్టిగా రుద్దాను. సాబ్ వచ్చి కుండను చూసి నిలబడిపోయాడు.

"ఇస్ పే కుచ్ థా?" దీని మీద ఏమైనా ఉండిందా అని.

నేను చెరిపిన గీతలే ఆయన వెతికే అక్షరమని అప్పుడు అర్థమైంది. పని పోతుందని భయం.

"కుచ్ నహీ థా సాబ్" అన్నాను. ఛీ, ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం!

మర్నాడు మిట్టమధ్యాహ్నం, రేకుల షెడ్డులో ఆ కుండ చెమర్చింది. లోపల నీళ్లుంటేనే కుండ చెమరుస్తుంది, కుమ్మరివాడికి ఇది ఒకరు చెప్పాలా? అది ఖాళీ కుండ. పక్కనున్నవన్నీ పొడిగానే ఉన్నాయి. దీనికి ఒళ్లంతా తడి, ఆ మూడు గీతలు మాత్రం పొడిగా, స్పష్టంగా కనిపిస్తున్నాయి.

ఏసుదాసు కూడా చూశాడు. "ఎవరు తడిపేరన్నా దీన్ని?"

"నేనైతే తడపలే తమ్మీ."

అతను సాబ్‌ను పిలవడానికి పరుగెత్తాడు. నేను భుజం మీది తువ్వాలు తీసి కుండను తుడిచేశాను.

సాబ్ వచ్చి చేత్తో తడిమి చూశాడు. ఏమీ లేదు. నెలాఖరుకు తవ్వకం ఖలాస్. వెళ్తూ నాతో చెయ్యి కలిపి, బాగా పనిచేశావన్నాడు. ఆయన ముఖం చూడలేకపోయాను.

ఆ కుండ మళ్లీ చెమర్చలేదు. ఆ రోజు ఎలా చెమర్చిందో ఈనాటికీ చెప్పలేను. మొదటిసారి తెలియక తుడిచాను. రెండోసారి తెలిసే తుడిచాను.