విఠల్ పళ్లసెట్టు చూడటానికి వచ్చినవాళ్లు

2022లో, వానలు మొదలయ్యే ముందు జరిగిన సంగతి ఇది. నారాయణఖేడ్ బస్టాండు వెనక సందులో నా పళ్ల దవాఖాన. ఒక కుర్చీ, ఒక ఎక్స్-రే మిషను, గోడవారన ఎదురెదురుగా రెండు బెంచీలు. మనూర్, సిర్గాపూర్ వైపు నుంచి వచ్చేవాళ్లే ఎక్కువ. తిరుగు బస్సు ఎప్పుడో అడిగి తెలుసుకున్నాకే నోరు తెరుస్తారు. అంతకు ముందటి ఏడాది నా భర్త చనిపోయాడు. కర్మకాండ అయిన మర్నాడే పనికి వచ్చాను. ఇంట్లో ఉంటే వచ్చేపోయేవాళ్లకు జవాబులు చెప్పాలి. ఇక్కడ ఆ బాధ తక్కువ.

విఠల్ అరవై దాటిన మనిషి. బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. ముందు పళ్లు ఎప్పుడో పోయాయి. మిగిలిన నాలుగూ కదులుతుంటే చలికాలంలో నేనే తీసేశాను. చిగుళ్లు మానాక ‘కంప్లీట్ డెంచర్’, అంటే పైదీ కిందదీ మొత్తం పళ్లసెట్టు, చేయించుకోవడానికి వచ్చాడు.

ఇది ఒక్క రోజులో అయ్యే పని కాదు. అచ్చులు తీయాలి, దవడల మధ్య ఎత్తు కొలవాలి. ఆ తర్వాత ‘ట్రై-ఇన్’. ల్యాబ్ వాళ్లు పళ్లను మైనంలో అమర్చి పంపుతారు, వాటిని నోట్లో పెట్టి చూస్తాం. మార్పులు చేయగలిగేది మైనంలో ఉన్నంతవరకే. ప్లాస్టిక్‌లో పోతపోశాక పన్ను కదలదు. అందుకే ట్రై-ఇన్ రోజు ఇంటి మనిషిని ఒకరిని తీసుకురమ్మంటాను. పేషంటును అడిగి లాభం లేదు. కుర్చీ దిగితే చాలనుకొని, అద్దంలో చూసీ చూడకుండానే బాగుందంటాడు. ఇంటికి పోయాక ఎవరైనా “ఇదేం మూతి” అన్నారంటే ఆ సెట్టు డబ్బాలోకి పోతుంది, మళ్లీ బయటికి రాదు. అలా డబ్బాల్లో ఉండిపోయినవి నేను చేసినవే చాలా ఉన్నాయి.

“ఇంటి మనిషంటే ఎవరిని తేవాలె డాక్టరమ్మా?” అని అడిగాడు విఠల్.

“నీ ముఖం మంచిగ ఎరకున్నోళ్లను.”

భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. “రోజు చూసేది ఒకరు. చిన్నప్పటి సంది చూసింది ఇంకొకరు. ఇద్దరు ఒక్కతాన కూసోరు.”

తన చిన్నప్పటి నుంచి చూసింది ఆయన ఒక్కగానొక్క కూతురు సంగీత. ఊళ్లోనే కాపురం. రోజూ చూసేది శోభ. ఆయన భార్య సుశీల పోయి అప్పటికి నాలుగేళ్లు. శోభ కర్ణాటక వైపు నుంచి వచ్చి, బజారులో జాకెట్లు కుట్టే దుకాణం పెట్టుకుంది. చిన్నతనంలోనే భర్త పోయాడు. సంగీత కన్నా రెండేళ్లు పెద్ద, అంతే. పొద్దున ఆమె దుకాణం షట్టరు విఠలే ఎత్తుతాడు. గుడ్డ కొనడానికి ఇద్దరూ కలిసి బీదర్ పోతారు. దాచుకోవాలని వాళ్లు ప్రయత్నించలేదు, దాచుకునేంత పెద్ద ఊరూ కాదు.

ట్రై-ఇన్‌కు ముందు సంగీత ఒక్కతే వచ్చింది. బెంచీ మీద కూర్చోకుండానే మొదలుపెట్టింది.

“మేడం, మా బాపుకు పండ్లు పెట్టకుండ్రి.”

ఇన్నేళ్ల పనిలో ఎవరూ నన్ను అలా అడగలేదు. “ఎందుకమ్మా?” అన్నాను.

“చిగుర్లు మంచిగ లేవు, సెట్టు నిలువదని చెప్పుండ్రి. మీరు చెప్తె వింటడు. పండ్లు ఊడుతుంటె దవాఖానకు పో పో అని అమ్మ మొత్తుకున్నది, పోలే. గిప్పుడు ఆమె కోసం కొత్త పండ్లు కావాల్నట. జుట్టుకు రంగేసిండు. ఇగ పండ్లు గూడ పెడితె పెండ్లి పిలగాడే. నేను బజార్ల ఎట్ల తిరగాలె?”

“రొట్టె నమలొస్తలేదు ఆయనకు.”

“నాకు తెల్వదా? మా ఇంటికొస్తె పాలల్ల నానేసి పెట్టేది నేనే.” గొంతు కొంచెం తగ్గింది. “ఆమె నాకు జాకెట్లు కుట్టేది మేడం. అక్కా అక్కా అనేదాన్ని. రేపు ఏమని పిలవాలె, చిన్నమ్మా అనాల్నా? బాపుకు చెప్పిన, ఆమె ఇంట్లకొస్తె నేను ఆ గడప తొక్కనని. తల కిందికేసుకొని కూసున్నడు.”

మళ్లీ తనే, “మీరు లేరా?” అంది. “సార్ పోయినంక ఎంత మంచిగ ఉన్నరు. మీ పని మీరు చేస్కుంటున్నరు, ఒక్కరు వేలెత్తి చూపియ్యలే. గా ఓపిక మొగోళ్లకు ఎందుకుండదు?”

ఈ మాట అప్పటికి చాలామంది అన్నారు. ప్రతిసారీ తలూపి ఊరుకునేదాన్ని. జవాబు చెప్పడం కూడా ఒక పనే. ఆ రోజు ఎందుకో చెప్పాను.

“నేను మంచిగ లేనమ్మా. అలసిపోయి ఉన్న. పొద్దుటి అన్నంల మజ్జిగ పోసుకొని, పొయ్యి కాడ నిలబడే తింట. ఇంటికి పోవుడంటెనే బుద్ధి కాదు. నన్ను చూపిచ్చి మీ బాపును తిట్టకు.”

ఆమె నన్ను తేరిపార చూసింది. “అంటె మీరు గూడ…” అని ఆగిపోయింది.

“లేదు. నాకు వద్దు. నా సంగతి నాది, ఆయనది ఆయనది. చిగుర్ల గురించి అబద్ధం చెప్ప. గురువారం ఆయనను రమ్మన్న. ఆయన పండ్లు ఎట్లుండెనో ఎరక నీకే. పాత ఫోటో ఉంటె పట్టుకొని రా.”

ఆమె చెప్పులు తొడుక్కొని వెళ్లిపోయింది.

గురువారం విఠల్, శోభ కలిసి వచ్చారు. పని మధ్యలో లేచి వచ్చిందేమో, శోభ మెడలో కొలత టేపు అలాగే ఉంది. కాసేపటికి సంగీత వచ్చి ఎదురు బెంచీ మీద కూర్చుంది. సంగీత ఫోన్ నా చేతికిచ్చింది. ఆమె పెళ్లినాటి ఫోటో. విఠల్ నవ్వుతున్నాడు, పక్కన సుశీల.

మైనం సెట్టు నోట్లో పెట్టాను. ల్యాబ్ వాళ్లు పళ్లన్నీ తీరుగా, వరసగా అమర్చారు. విఠల్ అద్దం చూసుకొని “మంచిగుంది” అన్నాడు.

దగ్గరలో ఉన్నది శోభే కాబట్టి, ఎలా ఉన్నాయని ఆమెను అడిగాను. జాకెట్టు కుదిరిందో లేదో చూసినట్టు ఇటు నుంచీ అటు నుంచీ చూసింది. “నేను చెప్పలేను మేడం. నాకు ఎరకయ్యేనాటికే ముందటి పండ్లు లేకుండె.” తర్వాత ఎదురు బెంచీ వైపు తిరిగి, “నువ్వే చెప్పాలె” అంది.

సంగీత లేవడానికి కొంతసేపు పట్టింది. వచ్చి తండ్రి ముఖంలోకి చూసింది. “ఇట్ల లేకుండె. గిదున్నది చూడు, గిది పక్కదాని మీదికి ఎక్కి ఉండె. ఓవర్‌టేక్ చేసినట్టుందని అమ్మ నవ్వేది.”

కత్తి వేడిచేసి, మైనం మెత్తబరిచి ఆ పన్నును కొంచెం తిప్పాను. మళ్లీ పెట్టాను. సంగీత ఒకసారి చూసి, ఫోన్ తీసుకొని బ్యాగులో పెట్టేసుకుంది.

తర్వాత మాట చూడాలి. ముందు పళ్లు సరైన చోట లేకపోతే ‘స’, ‘శ’ అన్నప్పుడు గాలి జారి సన్నగా ఈల వస్తుంది. ఊళ్ల పేర్లు చెప్పమన్నాను.

“సంగారెడ్డి, సదాశివపేట, సిర్గాపూర్.” ఈల వచ్చింది.

“అమ్మ పేరు చెప్పు” అంది సంగీత.

చెప్పింది తండ్రికే అయినా, ఆ మాట తగలాల్సింది శోభకని గదిలో అందరికీ తెలుసు. విఠల్ నా వైపు చూశాడు. నేను కత్తి తుడుస్తున్నాను.

“సుశీల” అన్నాడు. ఈల.

“గాలి పోతుంది. ఇంకోసారి అను” అంది శోభ.

పన్ను సవరించి మళ్లీ పెట్టాను. “సుశీల.”

“వచ్చింది కద” అంది సంగీత.

“ఇల్ల ఇల్ల, రాలే.” కంగారులో శోభకు కన్నడం వస్తుంది. “నడిమిట్ల జరంత పోయింది. మల్ల అను.”

“రాలేదేంది, నాకు సాఫ్ వినొచ్చింది!”

“లేదు. నువ్వు ఇటు దిక్కొచ్చి విను.”

సంగీత అటువైపు వెళ్లి శోభ పక్కన నిలబడింది. ఇంకోసారి సవరించాను. విఠల్ మూడోసారీ ఆ పేరు పలికాడు. ఈసారి ఈల లేదు. ఇద్దరూ తలూపారు.

“బతికున్నప్పుడు గిన్నిసార్లు పిలువలే దాన్ని” అన్నాడు విఠల్, మైనం పళ్ల మధ్య నుంచి.

సంగీత నవ్వింది. వెంటనే బెంచీ దగ్గరికి పోయి, మాకు వీపు పెట్టి కూర్చుంది. శోభ ఆమె దగ్గరికి వెళ్లలేదు. అది మంచిదే అయింది.

దీంతో అంతా సర్దుకుందని చెప్పలేను. దసరా తర్వాత విఠల్, శోభ రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి చేసుకున్నారు. సంగీత పోలేదు. దీపావళికి మాత్రం వాళ్లింటికి పోయింది. ఆ సంగతి తన పంటికి సిమెంటు పెట్టించుకోవడానికి వచ్చినప్పుడు తనే చెప్పింది.

“పోయిన మేడం. అర్ధగంట కూసున్న. చాయ్ ఇచ్చింది, తాగిన.”

“ఏమని పిలిచినవ్?”

“ఏం పిలువలే. ఇంక నోటికొస్తలేదు.” కుర్చీలో వెనక్కి వాలుతూ, “బాపు సెట్టు తీస్తనే లేడు. పండుకునేటప్పుడు తీయాలని చెప్పుండ్రి” అంది. ఆ తర్వాత మెల్లగా, “మీరు ఇంక నిలబడే తింటున్నరా?” అని అడిగింది.

“ఆ” అన్నాను.

ఆమె ఏ సలహా ఇవ్వలేదు. నాకది నచ్చింది.

ఆ కేసు తర్వాత నేను మార్చుకున్నది ఒక్కటే. ఒంటరిగా ఎంత బాగా నెట్టుకొస్తున్నానో ఎవరైనా మెచ్చుకుంటే తలూపి ఊరుకోవడం మానేశాను. నేను నోరు మూసుకొని ఉంటే, ఆ మౌనాన్ని పట్టుకుపోయి ఇంకెక్కడో ఇంకెవరినో తప్పుపడతారని అప్పటిదాకా నాకు తెలియదు. ఇప్పుడు అడిగినవాళ్లకు కష్టంగానే ఉందని చెబుతాను. చెప్పడం ఇప్పటికీ అలసటే. అయినా చెబుతాను.