ఏసోబు వద్దన్న గ్లాసు

గాయకుడికి మందు పడితేనే గొంతు పలుకుతుందని మీరూ నమ్ముతారా? నమ్మితే, అందుకు రుజువేమిటని ఒక్కసారైనా అడిగారా?

గత ఏడాది వేసవిలో నేను గుంటూరులోని ఒక రికార్డింగ్ స్టూడియోలో మిక్సింగ్ చేసేదాన్ని. గొంతునూ వాద్యాలనూ విడివిడిగా సరిచేసి ఒకే పాటగా కూర్చే పని అది. అప్పుడు నా చేతికి వచ్చింది, అంతకు కొన్ని నెలల ముందే మరణించిన ఏసోబు చివరి పాట. వినుకొండ వైపు మిరప కోతల్లో కూలి స్త్రీలు పాడుకునే వరసలకు సొంత మాటలు రాసి, గిటారుతో, డ్రమ్స్‌తో హోరెత్తించిన మనిషి ఆయన. వేదికల మీద తూలిపడిన మనిషి కూడా ఆయనే. కాలేయం చెడి చనిపోయాడు.

కట్టడి చేయనందుకే తాగి చచ్చాడంటూ ఆయన భార్య సువార్తను అత్తింటివారు గడప తొక్కనివ్వలేదు. చివరి రోజుల్లో ఆయన మానేశాడని ఆమె ఎంత మొత్తుకున్నా ఒక్కరూ నమ్మలేదు.

స్మృతి ఆల్బమ్ కోసం నాలుగు మాటలు చెప్పమని నిర్మాత ఆమెను స్టూడియోకు పిలిపించారు. "ముందు ఆయన గొంతు వినిపించమ్మా" అని ఆమె నన్ను అడిగింది. రా టేక్, అంటే కోతలేవీ పడని అసలు రికార్డింగు, తెరిచాను. మైకు సరిచూసుకోవడానికి ఏసోబు ముందుగా ఒక చరణం పాడాడు. తర్వాత మైకు ఆపలేదు గనుక మాటలూ వినిపించాయి.

"వద్దన్నా. మానేశా. మా పాపకి మాటిచ్చా."

"ఏందిరా ఏసోబూ, ఉత్త గొంతుతో ఏం పాడతావ్? ఒక్క గుక్కెయ్, అదే పలుకుద్ది."

"తాగితే చస్తావన్నాడన్నా డాక్టరు."

పెద్ద నవ్వు. "తాగనోళ్ళంతా బతికే ఉన్నారా ఏంది? పట్టరా!"

గుటక వేసిన చప్పుడు. గ్లాసు కింద పెట్టిన చప్పుడు. దగ్గు. ఆ వెంటనే పాట.

ఆ నవ్వు మా వెనుక కుర్చీలో కూర్చున్న నిర్మాతది.

"ఇంకోసారి పెట్టమ్మా" అంది సువార్త. మళ్ళీ విని నిర్మాత వైపు తిరిగింది. "ఆయన శవపెట్టె మీద పడి ఏడ్చావు కదన్నా. అప్పుడన్నా ఒక్క మాట చెప్పకపోయావా? నన్నందరూ తిడతంటే వింటా నిలబడ్డావే!"

"స్టూడియోల్లో ఇది మామూలేనమ్మా. వాడి మంచికే ఇచ్చా. అది పడకపోతే ఇంత పాట వచ్చేదా?" అని, ఆయన నాతో అన్నారు: "అమ్మాయ్, ఆ ముక్క కోసెయ్."

ఎదుటి పక్షం వాదననూ పరీక్షించడం న్యాయం. అందుకని గ్లాసుకు ముందు పాడిన చరణాన్నీ, తర్వాత పాడిన అదే చరణాన్నీ వెంటవెంటనే వినిపించాను. మొదటిదానిలో ఒక్క మాటా జారలేదు. రెండోదానిలో పాదం చివర ఊపిరి చాలలేదు.

"ఏదండీ పలికిన గొంతు?" అన్నాను.

ఆ ముక్క నేను కోయలేదు. ఆ టేకు నకలు సువార్తకు ఇచ్చాను. మర్నాటి నుంచి అక్కడ నాకు పని లేదు.

సువార్త అత్త ఫోనులో దాన్ని చివరిదాకా విని, "చెప్తానే ఉన్నావు గదే, నేనే వినలా" అంటూ ఆమెను లోపలికి తీసుకుపోయిందట.

కళాకారుడు పతనమైతే అది ఆయన స్వభావమని తీర్పు చెబుతాం. ఆయన వద్దన్న క్షణంలో చుట్టూ ఉన్నవారు ఏం చేశారని విచారించం. ఈ అనుభవం నాకు నేర్పిన ప్రశ్న అది. మీ ఊరి వేడుకలో పాడేవాడైనా, మీ సొంత తమ్ముడైనా, "మానేశాను" అంటే దయచేసి రెండోసారి అడగకండి. పక్కవాడు అడుగుతుంటే చూస్తూ ఊరుకోకండి, అడ్డుపడండి.